పాత గుడి మీద గునపం వేసే ముందు: తెలుగు కతోలిక మేత్రాణులకు, విచారణ గురువులకు, విచారణ సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేత్రాణులకు (బిషప్పులకు), విచారణ (పారిష్) గురువులకు, విచారణ సంఘాల పెద్దలకు, ఊరి గుడి కోసం దూరదేశాల నుంచి డబ్బు పంపుతున్న మా పిల్లలకు వందనాలు.

నేను పల్నాడు వైపు ఒక పల్లె విచారణకు చెందినవాడిని. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఊళ్లో నూరేళ్లు దాటిన గుడి (చర్చి) ఉంది. దాన్ని పడగొట్టి కొత్తది కడుతున్నామని ఒక ఆదివారం పూజ అయ్యాక ప్రకటనల్లో చదివారు. అప్పటికే నిర్ణయం జరిగిపోయింది. మేం కొందరం కలిసి అర్జీ ఇచ్చాం. గుడి కట్టొద్దని మేం అనలేదు. పాతదాన్ని ముందు తెలిసిన ఇంజినీరుతో చూపించండి, బాగు చేస్తే ఎంతవుతుందో లెక్క కట్టించండి, జ్ఞానస్నానం (బాప్తిస్మం) రాసే పుస్తకాలు ఎక్కడున్నాయో చెప్పండి అని అడిగాం. విచారణలో జవాబు లేదు. మేత్రాణుల పీఠం (డయోసిస్) ఆఫీసుకు పంపిన కాగితం అందిందో లేదో కూడా తెలియలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది. ఊరి పేరు, గురువుల పేరు రాయడం లేదు. ఎవరినో నిలదీయాలని కాదు. బంధువుల ఊళ్లకు పెళ్లిళ్లకో ఆత్మల పండుగకో వెళ్లినప్పుడల్లా ఇదే మాట వింటున్నాను. పాత గుడి పోయింది, పుస్తకాలు ఏమయ్యాయో తెలీదు అంటారు.

ఈ గుళ్లు ఎలా వచ్చాయో ఒక్కసారి గుర్తుచేసుకుందాం. చాలామందికి తెలిసిన విషయమే అయినా, పడగొట్టే నిర్ణయం తీసుకునే సమావేశాల్లో ఎవరూ దీన్ని ఎత్తడం లేదు.

1700 తర్వాతి తొలి ఏళ్లలో ఫ్రాన్సు నుంచి వచ్చిన యేసు సభ (జెస్యూట్) గురువులు పుంగనూరు వైపు నుంచి తెలుగు నేల మీద అడుగుపెట్టారు. కాషాయం కట్టుకుని, మాంసం ముట్టకుండా, సన్యాసుల్లా బతికారు. అనంతపురం వైపు కృష్ణాపురం వాళ్లకు ఒక ముఖ్య కేంద్రం. 1732లో ఇండియాకు వచ్చిన అదే సభ గురువు ఫాదర్ కేర్దూ మన ప్రాంతంలో ఉండి తెలుగు నేర్చుకుని నిఘంటువు తయారుచేశారు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ ఉన్న పోలికలను 1767లోనే పారిస్ పండితులకు రాసి పంపిన మనిషి ఆయన. యుద్ధాలూ కరువులూ తరిమితే రాయలసీమలో జ్ఞానస్నానం పొందిన కుటుంబాలు కొన్ని గుంటూరు, పల్నాడు వైపు వలస వచ్చాయి. ఈ రోజు మన ఊళ్లలో వినిపించే కొన్ని ఇంటిపేర్లు ఆ దారిలో నడిచి వచ్చినవే.

1773లో పోపుగారు యేసు సభను రద్దు చేశారు. గురువులు కరువయ్యారు. పల్లెల్లో ప్రార్థన ఆగిపోకుండా కాపాడింది ప్రార్థనలు నేర్పే ఉపదేశులూ, ఇంట్లో జపమాల చెప్పించిన అమ్మమ్మలూ. ఈ మాట మన శిలాఫలకాల మీద ఎక్కడా కనపడదు. ఆ తర్వాత 19వ శతాబ్దంలో విశాఖ వైపు ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారు, హైదరాబాదు వైపు ఇటలీ పీమే సభ గురువులు, నెల్లూరు, గుంటూరు వైపు మిల్‌హిల్ సభ గురువులు వచ్చారు. ఫిరంగిపురంలో ఫాదర్ థియోడర్ డీక్‌మన్ పేరు ఇప్పటికీ పెద్దవాళ్లు తలుచుకుంటారు. ఇప్పుడు మనం పడగొడుతున్న గుళ్లలో చాలావరకు ఆ కాలానివి, ఆ తర్వాతి యాభై అరవై ఏళ్లవి. 1876-78 ధాత కరువు చూసిన తరమూ, వాళ్ల పిల్లలూ రాళ్లు మోసి కట్టిన గోడలు అవి. హైదరాబాదు పీఠం 1886లో ఏర్పడింది. నెల్లూరు 1928లో, విజయవాడ 1937లో, గుంటూరు 1940లో వచ్చాయి. అంటే గుంటూరుకు మేత్రాణులు రాకముందే ఈ పల్లెల్లో గుళ్లున్నాయి, గంటలున్నాయి, పుస్తకాలున్నాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. పాత గుడి పోతే మామూలు జనానికి ఏమవుతుందో వరసగా రాస్తున్నాను.

1. అన్నిటికన్నా పెద్ద నష్టం పుస్తకాలది. గోడ పోతే మళ్లీ గోడ కట్టొచ్చు. పుస్తకం పోతే పోయినట్టే. మా విచారణలో ఒక పాత జ్ఞానస్నానం పుస్తకాన్ని ఒకసారి చేతిలో పట్టుకునే భాగ్యం నాకు కలిగింది. పొడుగాటి పుస్తకం, తోలు అట్ట, వెన్ను పొడుగునా చెదలు కట్టిన మట్టి. ఇంకు గోధుమ రంగుకు తిరిగింది. లాటిన్‌లో ఒకే వాక్యం ప్రతి వరసలోనూ ఉంది. దాని మధ్య బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పల్లె పేరు, జ్ఞానతల్లి జ్ఞానతండ్రుల పేర్లు. మన పేర్లను ఆ దొరగారు చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. గుర్తుపట్టడానికి రెండుసార్లు పైకి చదువుకోవాలి. మరణాల పుస్తకంలో ఒకచోట ఒకే చేతిరాత, ఒకే ఇంకు, పేజీ నిండా పేర్లు, తేదీలు పక్కపక్కనే. ఊరికి ఏదో జబ్బు తగిలిన నెల అది. చివరి వరసలకు వచ్చేసరికి రాసిన చెయ్యి అలసిపోయినట్టు అక్షరాలు వాలిపోయాయి.

భూమి ఉన్నవాళ్ల తాతముత్తాతల పేర్లు రెవెన్యూ రికార్డుల్లో దొరుకుతాయి. సెంటు భూమి లేని కూలివాళ్ల ముత్తవ్వ పేరు ఎక్కడ దొరుకుతుంది? మాల మాదిగ పల్లెల్లో పుట్టిన ఆడబిడ్డ పేరు నూట ఇరవై ఏళ్ల కిందట ఎవరు రాసిపెట్టారు? గుడి పుస్తకంలోనే రాశారు. ఆ మనుషులు ఈ లోకంలో పుట్టి బతికారనడానికి ఆ ఒక్క వరసే ఆధారం. అలాంటి పుస్తకాలను గుడి సామాన్లు సర్దే రోజున పాత చాపలతో, విరిగిన స్వరూపాలతో (విగ్రహాలతో) కలిపి గోతాల్లో వేసి ఏదో గదిలో పడేస్తే అది మామూలు నిర్లక్ష్యం కాదు.

దీనికి రోజువారీ అవసరం కూడా ఉంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా పల్లెల్లో చాలా ఏళ్లు ఎవరూ రాయించలేదు. వయసు రుజువు కోసం పింఛను దగ్గర ఇబ్బంది పడే ముసలివాళ్లకు గుడి ఇచ్చే సర్టిఫికెట్ ఎంతో కొంత ఆసరా. పెళ్లి సంగతి సరేసరి. వేరే విచారణ అబ్బాయితో సంబంధం కుదిరితే జ్ఞానస్నానం సర్టిఫికెట్ లేకుండా పని జరగదు. పుస్తకం కనపడకపోతే సాక్షుల కోసం, ప్రమాణ పత్రాల కోసం పెళ్లివారు ఊళ్లు పట్టుకు తిరగాలి. ముహూర్తం దగ్గరపడుతుంటే ఆ తల్లిదండ్రుల టెన్షన్ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు.

2. కొత్త గుడి ఖర్చు ఎవరి మీద పడుతోంది? శిలాఫలకం మీద పెద్ద దాతల పేర్లుంటాయి. కానీ ఇంటికింత అని చందా వేసినప్పుడు మిరపకోతలకు వెళ్లే ఇల్లు కూడా అందులో ఉంటుంది. పని మొదలయ్యాక అంచనా పెరుగుతుంది, రెండో విడత వేస్తారు. ఇవ్వలేని ఇంటివాళ్లు పిల్ల పెళ్లి రాయించడానికి వస్తే ఆ బాకీ ప్రస్తావనకు వస్తుంది. పేదరికం కారణంగా ఎవరికీ జ్ఞానస్నానం, పెళ్లి వంటి దివ్య సంస్కారాలు దూరం కాకూడదని శ్రీసభ (కతోలిక సభ) చట్టం 848వ నిబంధన చెబుతోంది. బాకీ మాట ఎత్తడమే ఆ నిబంధన స్ఫూర్తికి విరుద్ధమని నా అభిప్రాయం. పాతదాన్ని బాగు చేసుకుంటే ఎంతవుతుందో లెక్క కట్టకుండానే పేదవాడి మీద కొత్త గుడి భారం మోపడం న్యాయం కాదు.

3. "పాతది ప్రమాదం, ఎప్పుడు కూలుతుందో" అంటారు. నిజంగా ప్రమాదమైతే తాళం వేయండి. మేమే ముందుంటాం. ప్రాణం కన్నా గోడ ఎక్కువ కాదు. కానీ ఆ మాట చెప్పింది ఎవరు? చాలాచోట్ల కొత్త గుడి కాంట్రాక్టు తీసుకోబోయే మనిషే చెబుతాడు. పాత గుళ్లు రాయి, గానుగ సున్నంతో కట్టినవి. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి సున్నం ఆడించేవారు. ఆ గోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్లీ ఎండకు వదిలేస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు రిపేరు పేరుతో దాని మీద సిమెంటు పూత వేశారు. పైన పెయింటు వేశారు. నేల నుంచి ఎక్కిన చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలే నిలిచింది. మా గుడిలో తూర్పు గోడ దగ్గరికి వెళ్లి చూడండి. మోకాలెత్తు వరకు పూత ఉబ్బి, వేలితో తడితే బోలుగా శబ్దం వస్తుంది. పెచ్చు తీస్తే లోపల తెల్లగా ఉప్పు. దాని వెనక రాయి మాత్రం చెక్కుచెదరలేదు. సిమెంటు పూత చేసిన పాడు చూపించి గుడికి వయసైపోయిందంటున్నారు.

పైకప్పు సంగతి కూడా అంతే. పెంకు జరిగితే నీళ్లు దూలం కొన మీద పడతాయి, గోడలో కూర్చున్న ఆ కొన ముందు పుచ్చుతుంది. గోడ పగుళ్లలో రావి మొక్క వేళ్లూనుతుంది. ఏటా వానలకు ముందు పెంకు సర్ది, మొక్క పీకి, నీళ్లు పోయే తూము శుభ్రం చేస్తే ఆగే నష్టాలు ఇవి. ఇరవై ఏళ్లు ఆ పని చేయకుండా వదిలేసి, ఇరవై ఒకటో ఏట కూల్చేయాలంటున్నాం.

4. ఎండలంటే రెంటచింతల పేరు చెప్పుకునే ప్రాంతం మాది. పాత గుడి ఎత్తయిన కప్పు, లావాటి గోడలు, పైన గాలి పోయే కిటికీలు ఊరికే పెట్టలేదు. మే నెలలో పదకొండు గంటల పెళ్లి పూజకు పాత గుడిలో ముసలివాళ్లు కూర్చోగలిగారు. కొత్త స్లాబు కింద అదే పూజకు ఫ్యాన్లన్నీ తిరిగినా ఉక్కపోతే. కరెంటు బిల్లు కూడా చివరికి కానుక పెట్టెలోంచే కదా.

5. సమాధుల తోట. గుడి విస్తరించాలని, కాంపౌండు పెంచాలని పాత సమాధి రాళ్లు తీసేస్తున్నారు. గురువుల రాళ్లు ఎలాగో మిగులుతాయి. ఉపదేశి రాయి, మంత్రసాని రాయి మిగలవు.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. మన గుళ్ల చరిత్ర అంతా తీపి కాదు. 18వ శతాబ్దంలో యేసు సభ గురువులు ఆనాటి కులాల కట్టుబాట్లతో రాజీపడ్డారు. ఆ రాజీ మీద రోములో జరిగిన వాదోపవాదాల తర్వాత 1744లో పోపు బెనెడిక్టు 14 ఇచ్చిన ఆజ్ఞలో కూడా 'పరయల' (అంటరానివాళ్లుగా చూసినవాళ్ల) కోసం వేరే గురువులను పెట్టే ఏర్పాటు ఉంది. గుడిలో వేరే వరస, శ్మశానంలో వేరే గట్టు అనే బాధ మన పెద్దలు కొందరు అనుభవించారు. పాత గుడిని కాపాడమంటే ఆ అవమానాన్ని కాపాడమని కాదు. వేరుగా కట్టిన ఆ గట్టు ఎక్కడుందో రాసిపెట్టుకుని, ఆ తర్వాత దాన్ని తీసేయాలి. 2016లో మన దేశ మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారత విధానాన్ని ప్రకటించింది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్ ఆంథోనీ పూలగారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో, భారత దళితుల్లో ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయన. ఆ గర్వం మనకుంటే, గుడి కట్టిన కూలి చేతుల పేర్లు కూడా గుడి చరిత్రలోకి రావాలి.

ఇప్పుడు మా డిమాండ్లు. కొత్తగా చట్టం చేయమని మేం అడగడం లేదు. ఉన్న శ్రీసభ చట్టాన్నే అమలు చేయమంటున్నాం. ప్రతి విచారణలో పుస్తకాలు, దస్త్రాల భద్రత ఉండాలని, పాత పుస్తకాలను కూడా జాగ్రత్త చేయాలని 535వ నిబంధన చెబుతోంది. విచారణల దస్త్రాలు సరిగా ఉన్నాయో లేదో చూడాల్సిన బాధ్యత మేత్రాణులదని 491 చెబుతోంది. గుడి కట్టేటప్పుడు, బాగు చేసేటప్పుడు నిపుణుల సలహా తీసుకోవాలని 1216 చెబుతోంది. పాత విలువైన స్వరూపాలను బాగు చేయాలంటే రాతపూర్వక అనుమతి కావాలని 1189 చెబుతోంది. మన దగ్గరేమో ఎవరి చేతికి అందిన ఎనామిల్ పెయింటు వాళ్లు పూసేస్తున్నారు.

అందుకని మేం అడిగేది ఇది. యాభై ఏళ్లు దాటిన ఏ గుడినైనా, గురుమందిరాన్నైనా, బడినైనా, గంట స్తంభాన్నైనా పడగొట్టాలంటే సున్నపు కట్టడాలు తెలిసిన ఇంజినీరు రాతపూర్వకంగా ఇచ్చిన నివేదిక ఉండాలి. కాంట్రాక్టుతో సంబంధం లేని మనిషై ఉండాలి. బాగు చేస్తే ఖర్చెంత, కొత్తది కడితే ఖర్చెంత అని రెండు అంకెలూ ఆ నివేదికలో ఉండాలి. దాన్ని గుడి నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. విచారణ కిందికి వచ్చే చిన్న పల్లెల (సబ్‌స్టేషన్ల) వాళ్లను కూడా పిలిచి మాట్లాడాలి. వాళ్ల చందా తీసుకుంటున్నప్పుడు వాళ్ల మాట కూడా తీసుకోవాలి.

పడగొట్టక తప్పదని తేలితే, అంతకుముందే గుడి కొలతలు తీయించి, లోపలా బయటా ఫోటోలు, వీడియో తీయించి పీఠంలో భద్రపరచాలి. గంట మీద పోత పోసిన అక్షరాలు, పాత బలిపీఠం, పాపసంకీర్తన (పాపాలు ఒప్పుకునే) పీట, సమాధి రాళ్లు అన్నిటికీ జాబితా రాయాలి. ఒక్క వస్తువు కూడా తూకానికి అమ్మకూడదు.

పుస్తకాల విషయంలో మాత్రం నివేదికల కోసం ఆగక్కర్లేదు. ఈ నెలలోనే మొదలుపెట్టొచ్చు. ప్రతి విచారణలో ఏ పుస్తకాలు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో లెక్క రాయించండి. పీఠానికి ఒక స్కానర్, శిక్షణ పొందిన ఇద్దరు పిల్లలు చాలు. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ పేజీలను ఇంటర్నెట్లో పెట్టొద్దు, ఎవరికి పడితే వాళ్లకు చూపించొద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సీలో పెట్టారు, వాటా ఒక్క శాతం. హోదా సంగతి తేల్చడానికి జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను 2022లో వేశారు. అది తేలేదాకా జ్ఞానస్నానం పుస్తకంలో ఒక వరస ఒక బిడ్డ చదువుకూ ఉద్యోగానికీ అడ్డం పడే ప్రమాదముంది. పుస్తకాన్ని పోగొట్టడం ఎంత తప్పో, దాన్ని బజారున పెట్టడమూ అంతే తప్పు. ఎవరి కుటుంబం వరస వాళ్లకే ఇవ్వాలి.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో, గల్ఫులో ఉన్న పిల్లలకు ఒక మాట. ఊరి మీద మీకున్న ప్రేమ మాకు తెలుసు. మీ డబ్బుతో పెంకు సర్దించినా, దూలం మార్పించినా శిలాఫలకం పడదు. కానీ మీరు జ్ఞానస్నానం పొందిన తొట్టి అక్కడే ఉంటుంది. డబ్బు పంపేముందు ఇంజినీరు నివేదిక అడగండి. మీరు అడిగితే వింటారు. మేం అడిగితే వినలేదు.

మెదక్ చర్చి మనది కాదు, సీఎస్ఐ (ప్రొటెస్టెంటు సభ) వాళ్లది. 1914లో మొదలుపెట్టి, కరువు రోజుల్లో పనికి అన్నం పెట్టి కట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. నూరేళ్లు నిండాయి. దాన్ని పడగొట్టి పెద్ద హాలు కట్టుకుందామని ఎవరైనా అంటే జనం ఊరుకుంటారా? మా పల్లె గుడి అంత పెద్దది కాదు, చూడటానికి టూరిస్టు బస్సులు రావు. కానీ అదీ కూలివాళ్లు రాళ్లు మోసి కట్టిందే.

మా ఊళ్లో కొత్త గుడి శంకుస్థాపన క్రిస్మస్ తర్వాత అంటున్నారు. అంతకుముందే మేత్రాణులవారు ఒక ఇంజినీరును పంపాలి, పుస్తకాల గదికి తాళం వేయించి జాబితా రాయించాలి, మా అర్జీకి రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబు వచ్చేదాకా గుడి మీద గునపం పడకుండా ఆదేశం ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
పల్నాడు ప్రాంత పల్లె విచారణ విశ్వాసి ఒకరు